గుండ్రటి చెక్క మీద ఆరు రేకుల పువ్వు ఎందుకు కుదరదు?

కంపాస్‌తో ఒక వృత్తం గీసి, దాని కాళ్ల మధ్య తెరుపు మార్చకుండా అంచు వెంబడి అడుగులు వేసుకుంటూ పోతే, సరిగ్గా ఆరో అడుగు మొదలైన చోటే పడుతుంది. ఆరు రేకుల పువ్వు పుట్టేది అలాగే. బడిపిల్లలు నోటుబుక్కు చివరి పేజీలో గీసేదీ, పాత ఇళ్ల దర్వాజల మీద వడ్లాయన చెక్కి పెట్టేదీ ఈ పువ్వే. కత్తితో గాట్లు తీసి నగిషీ చెక్కేవాడు అదే కంపాస్‌ని ఒక చెక్క బంతి మీద పెట్టి చూస్తే కథ మారిపోతుంది. 42 మిల్లీమీటర్ల అడ్డకొలత ఉన్న బంతి తీసుకుని, అందులో సగమైన 21 మి.మీ. తెరుపుతో బంతి నెత్తి నుంచి ఒక వృత్తం గీసి, అదే తెరుపుతో అంచు వెంబడి నడిస్తే ఐదు అడుగులు పడతాయి. ఆ పైన రెండు మిల్లీమీటర్ల చిల్లర ఖాళీ మిగులుతుంది. ఆరో రేకుకు చోటే ఉండదు. చేయి వణికిందనుకుని చెరిపి మళ్లీ గీసినా అంతే.

తప్పు చేతిది కాదు. కంపాస్ రెండు కాళ్ల మధ్య దూరం బంతి లోపల నుంచి తిన్నగా పోయే దూరం. గీసిన వృత్తమేమో నెత్తి నుంచి కిందికి జారి, బంతి భుజం మీద కూర్చుంటుంది. ఆ వృత్తానికి ఉండే అసలు వ్యాసార్థం కంపాస్ తెరుపు కన్నా తక్కువ. వృత్తం చిన్నదై అడుగు పెద్దదిగానే ఉంటే అడుగుల లెక్క తగ్గిపోతుంది. ఇదే బంతి మీద 6 మి.మీ. తెరుపుతో గీస్తే ఆరో అడుగు మొదటి గుర్తును అర మిల్లీమీటరు లోపే దాటుతుంది, కంటికి పెద్దగా ఆనదు. తెరుపు 22 మి.మీ. దాటీ దాటగానే సరిగ్గా ఐదు అడుగులు పడతాయి. 29.7 మి.మీ. దగ్గర నాలుగే. అప్పటికి గీసిన వృత్తం బంతి నడుము మీదికి వచ్చి ఉంటుంది. అంటే చిన్న పువ్వు చెక్కినవాడికి అసలు ఇబ్బందే తెలియదు. రేకులు పెద్దవి చేద్దామని ఆశపడ్డవాడే ఇరుక్కుంటాడు.

కత్తితో చెక్కలో చిన్న చిన్న గాట్లు తీసి, ఆ గాట్ల వరసలతోనే నగిషీ పుట్టించే పనిని చిప్ కార్వింగ్ అంటారు. జర్మన్లు దీన్ని కెర్బ్‌ష్నిట్ అంటారు, మాటకు మాట అర్థం చెబితే గాటు కోత. ఇక్కడ దాన్ని గాటుచెక్కుడు అనుకుందాం. ఉలి, సుత్తె అక్కర్లేదు. పొట్టి అలుగున్న కత్తి ఒకటి చాలు, మహా అయితే పొడవడానికి ఇంకొకటి. మామూలు గాటు మూడు మూలలది. ఒక మూల నుంచి కత్తిని వాలుగా దింపి ఒక కోత, పక్క నుంచి రెండో కోత, మూడో వైపు నుంచి అడుగుకు చేరేలా మూడో కోత. మూడు కోతలూ లోపల ఒకే బిందువులో కలిస్తే పేడు దానంతట అదే ఎగిరి వస్తుంది. కలవకపోతే పేడు అంటుకుని ఉండిపోతుంది, దాన్ని గీకి తీయబోతే గాటు అడుగు గరుకు తేలుతుంది. నేర్పేవాళ్లలో చాలామంది కత్తిని చెక్కకు 60–65 డిగ్రీల వంపులో పట్టమంటారు. మంచి గాటు అడుగు అద్దంలా ఉంటుంది, దానికి సాండ్ పేపర్ అవసరం రాదు.

ఈ పని ఎక్కువగా ఎదిగింది బల్లపరుపు చెక్కల మీద. నెదర్లాండ్స్‌లోని ఫ్రీస్లాండ్‌లో పెట్టెలు, బట్టల ముడతలు తీసే పొడవాటి బల్లలు నిండా ఇలాంటి గాట్లతో నింపేవాళ్లు. అంతకు ఎంతో ముందే, 4, 5 శతాబ్దాల రోమన్ సైనికుల కంచు బెల్టు బిళ్లల మీద కూడా ఇదే వాలు గాట్ల నగిషీ కనబడుతుంది. పుస్తకాల్లో, వీడియోల్లో దొరికే నమూనాలు చాలామటుకు ఈ బల్లపరుపు పని నుంచి వచ్చినవే కాబట్టి వాటి కొలతలు చదును చెక్కకు సరిపోయేవి. నల్లగొండలోనో వనపర్తిలోనో ఫోన్ చూసి కత్తి పట్టిన కుర్రాడు ముందు ఒక పలక మీద చక్కగా చెక్కేస్తాడు. తర్వాత, చెక్కను గిర్రున తిప్పుతూ గుండ్రంగా చెక్కే లేత్ మిషన్ దగ్గర తిప్పించిన బంతినో బరిణె మూతనో తీసుకుంటాడు. కత్తి సరిగా నూరలేదని అనుమానం అక్కడే మొదలవుతుంది. చాలాసార్లు కత్తి బాగానే ఉంటుంది, తప్పింది కొలత.

గుండ్రటివన్నీ ఒక్క రకం కాదన్నది ముందు పట్టుకోవాలి. అప్పడాల కర్రకు కాగితం చుడితే ముడత పడకుండా అంటుకుంటుంది. బొంగరం కింది భాగం, ములుకు వైపు సన్నబడే ఆ గరాటు ఆకారం ఉంది చూడండి, దానికీ అంతే. పొట్లం కట్టినట్టు కాగితం చక్కగా కూర్చుంటుంది. కాబట్టి ఈ రెండింటి మీద చదును నమూనాను కాగితం మీద గీసి, చుట్టి, అంటించి చెక్కొచ్చు. బంతికి, కోడిగుడ్డు ఆకారానికి, గుమ్మటంలా ఉబ్బిన మూతకు మాత్రం కాగితం ముడత పడక తప్పదు. లడ్డూకి కాగితం చుట్టిన ఎవరికైనా ఈ సంగతి తెలుసు. ఆ ముడతలు ఎక్కడ పడతాయో అక్కడే నమూనా కూడా చెడుతుంది. మొదటిసారి గుండ్రటి వస్తువు పట్టుకునేవాళ్లు కర్రతో మొదలుపెట్టి, తర్వాత బొంగరానికి, ఆ తర్వాతే బంతికి రావడం మేలు. చాలామంది బంతి ముద్దుగా ఉంటుందని దానితోనే మొదలుపెడతారు.

42 మి.మీ. బంతి నడుము చుట్టుకొలత 132 మి.మీ. అక్కడ 24 గాట్ల వరస వేస్తే ఒక్కో గాటుకు 5.5 మి.మీ. వస్తుంది, కత్తికి హాయైన కొలత. దాని పైన రెండో వరస, మూడో వరస అని పెట్టుకుంటూ పోతే చుట్టు చిన్నదవుతుంది, గాట్ల సంఖ్య మాత్రం 24 గానే ఉంటుంది. నడుముకూ నెత్తికీ మధ్య సగం దూరం, అంటే 45 డిగ్రీల దగ్గర, గాటు వెడల్పు 3.9 మి.మీ. 60 డిగ్రీల దగ్గర సరిగ్గా సగమై 2.75 మి.మీ. ఆ పైన గాటుకూ గాటుకూ మధ్య మిగిలే గట్టు దారంలా సన్నమై, ముట్టుకుంటే రాలిపోతుంది. చుక్కల ముగ్గులో వరసకు వరసకు ఒకటేసి చుక్క తగ్గిస్తూ పోయినట్టు ఇక్కడ గాట్లు తగ్గించడం కుదరదు. 24 తర్వాత 23 వేస్తే కింది వరసతో పొంతన పోతుంది. తగ్గిస్తే సగానికి సగం తగ్గించాలి, 24 నుంచి 12కు. లేదా 45 డిగ్రీల దగ్గర ఒక గీత కొట్టి వరసలు ఆపేసి, పైనంతా ఒకటే పెద్ద పువ్వుకు వదిలేయాలి. రెండో దారే చూడ్డానికి బాగుంటుంది. మూడు వరసలు, పైనొక పువ్వు, కిందొక పువ్వు చాలు. వరసలకే 72 గాట్లు, గాటుకు మూడు చొప్పున 216 కోతలు. అంతకు మించి నింపితే చేతిలో పనసకాయ పట్టుకున్నట్టుంటుంది.

కత్తి కన్నా ముందు లెక్క అన్న మాట ఈ ప్రాంతానికి కొత్తేమీ కాదు. పుట్టపాక, పోచంపల్లి మగ్గాల దగ్గర రంగు అద్దకముందే ఏ పోగు ఎక్కడ కట్టాలో లెక్క తేలిపోయి ఉంటుంది. లెక్క తప్పిన చీరను మగ్గం మీద సరిచేయడం కుదరదు. ఒకటే తేడా, ఇక్కత్‌లో అంచు కాస్త మసకబారితే అదే అందం. గాటుచెక్కుడులో అంచు మసకబారిందంటే కత్తి మొద్దుబారిందని అర్థం.

బంతి మీద గుర్తులు పెట్టడానికి కంపాస్ కన్నా కాగితం పట్టీ నమ్మకమైనది. అర సెంటీమీటరు వెడల్పు పట్టీని నడుము చుట్టూ తిప్పి, సరిగ్గా కలిసే చోట కత్తిరించాలి. దాన్ని మూడు సమాన భాగాలుగా మడిచి, ఆపైన సగానికి మూడుసార్లు మడిస్తే 24 భాగాలు వస్తాయి. స్కేలు అక్కర్లేదు, బంతి 42 ఉన్నా 47 ఉన్నా పట్టీయే చూసుకుంటుంది. మళ్లీ చుట్టి మడత మడతకూ ఒక పెన్సిల్ చుక్క. ఇంకో పట్టీని నెత్తి నుంచి నడుము దాకా వేసి, చుక్క చుక్కకూ ఒక నిలువు గీత. పైన పువ్వు కావాలంటే ఈ నిలువు గీతల్లో నాలుగింట ఒకటి తీసుకుంటే ఆరు రేకులు వాటంతటవే వస్తాయి. రేకు వంపును చేత్తోనే గీసుకోవాలి, లేదా ఒక రేకు కాగితంలో కత్తిరించి ఆరుసార్లు వాడుకోవాలి. లేత్ మీద ఉండగానే నడుము గీతనూ అడ్డ గీతలనూ తిరుగుతున్న బంతికి పెన్సిల్ ఆనించి గీయించుకుంటే సగం పని అక్కడే అయిపోతుంది. మిషన్ ఆయన పావు నిమిషంలో చేసిపెట్టే పని అది. ఇంటికొచ్చాక అదే గీతకు అరగంట పడుతుంది.

లెక్క తేలాక చెక్క మొదలవుతుంది. లేత్ మీద తిప్పిన బంతిలో నార సాధారణంగా నెత్తి నుంచి అడుగుకు నిలువుగా ఉంటుంది. కాబట్టి నడుము దగ్గర కత్తికి తగిలేది నార పక్క ముఖం. నెత్తి మీద, అడుగున తగిలేది దుంగను అడ్డంగా కోస్తే కనిపించే ముఖం. ఒకే బంతి మీద రెండు రకాల చెక్క ఉన్నట్టే. పక్క ముఖం మీద కత్తి సాఫీగా పోతుంది కానీ నార వెంబడి చీలే ప్రమాదం ఉంటుంది. అడ్డంగా కోసిన ముఖం మీద చీలిక భయం తక్కువ, కానీ కత్తి దిగడమే కష్టం. కత్తి ఏమాత్రం మొద్దుబారినా గాటు గోడలు తెల్లగా నలిగిపోయి పొడిపొడిగా కనిపిస్తాయి. మధ్యలో, భుజం మీద ఒకే ఒక్క నియమం పనికొస్తుంది. కోత ఎప్పుడూ నడుము నుంచి నెత్తి వైపు, అంటే లావు నుంచి సన్నానికి రావాలి. అప్పుడు కత్తి తెంపే ప్రతి నార కిందా ఇంకో నార ఆసరాగా ఉంటుంది. నెత్తి నుంచి నడుముకు కోస్తే కత్తి నార కిందికి దూరి దాన్ని పైకి లేపుతుంది. గాటు పక్కన ఉన్న గట్టు మొత్తం పేడులా లేచిపోతుంది. గుండ్రటి పనిలో పోయే గట్లలో ఎక్కువ భాగం ఇలా పోయేవే. బంతిని చేతిలో తలకిందులు చేసుకుంటే సరిపోయేదానికి, బద్ధకించి కత్తిని ఎదురు తిప్పడం వల్ల వచ్చే నష్టం అది.

దక్షిణ తెలంగాణలో సులువుగా దొరికే చెక్క చాలామటుకు ఈ పనికి మొండిది. నల్లతుమ్మ బండి చక్రాలకూ గొడ్డలి కామలకూ పుట్టిన చెక్క. కత్తి మొనను విరుస్తుంది తప్ప గాటు ఇవ్వదు. వేప ఊరూరా ఉంది, కానీ దాని నార ఒక పొర ఇటు, ఒక పొర అటు మెలిపడి పెరుగుతుంది. ఒక వైపు నున్నగా కోసిన కత్తి రెండు గాట్లు దాటగానే నార లేపుతుంది. టేకు దర్వాజలకు రాజే, చిన్న గాట్లకు మాత్రం కాదు. రంధ్రాలు ముతకగా ఉంటాయి, పైగా చెక్కలోనే సిలికా ఉండడం వల్ల కత్తి పదును తొందరగా పోతుంది. ఇక నిర్మల్, కొండపల్లి బొమ్మలకు వాడే పొణికి కర్ర మరీ తేలిక. బొమ్మకు మంచిదే, సన్నటి గట్టు నిలబడాలంటే కష్టం. ఏటికొప్పాక లక్క బొమ్మలకు వాడే అంకుడు కర్రకు ఈ పనికి కావలసినవన్నీ ఉన్నాయి. తెలుపు, సన్నటి నార, అన్ని వైపులా ఇంచుమించు ఒకే మెత్తదనం. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. నల్లమలలోనూ అంకుడు చెట్టు ఉంది. అలాగని నాగర్‌కర్నూలు, నల్లగొండ జిల్లాల్లో పరుచుకున్న అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోకి గొడ్డలి పట్టుకుని పోవడం కుదరదు, పోకూడదు కూడా. పొలం గట్ల మీద, తోటల్లో పెంచిన గుమ్మడి టేకు దొరికితే అది మంచి రాజీ. పేరులో టేకు ఉన్నా టేకు కాదు, లేత రంగులో మెత్తగా ఉండి కత్తికి లొంగుతుంది.

ఎండ సంగతి వేరే చెప్పాలి. చెక్క ఆరేటప్పుడు పొడవునా దాదాపు తగ్గదు. అడ్డంగా తగ్గుతుంది, అదీ సమంగా కాదు. వలయాల వెంబడి తగ్గేది, నడిబొడ్డు నుంచి బెరడు వైపు తగ్గేదానికి దగ్గర దగ్గర రెట్టింపు. అందుకే పచ్చి చెక్కతో తిప్పిన బంతి నాలుగు వారాల్లో కోడిగుడ్డవుతుంది. నల్లగొండ ఏప్రిల్ ఎండలో ఇంకా ముందే. గుర్తులు పెట్టాక ఇలా జరిగితే 24 భాగాలు కొన్ని లావు, కొన్ని సన్నం అవుతాయి. నడిబొడ్డు బంతి లోపలే ఉండిపోతే ఏదో ఒక రాత్రి ‘టప్’మని నిలువు చీలిక పడుతుంది. దుంగను నిలువుగా రెండుగా చీల్చి, బొడ్డు తప్పించి, కోసిన చివర్లకు మైనమో పెయింటో పూసి నీడన ఆరబెట్టిన చెక్కే వాడాలి.

గాటు పెద్దదైతే ఇంకో చిక్కు. చదును చెక్క మీద గాటు పైభాగం చదునుగా ఉంటుంది, బంతి మీద మధ్యలో ఉబ్బి ఉంటుంది. 5.5 మి.మీ. గాటుకు ఈ ఉబ్బు 0.18 మి.మీ. మాత్రమే. గాటు వెడల్పు రెట్టింపు చేసి 11 మి.మీ. చేస్తే ఉబ్బు నాలుగు రెట్లు, 0.72 మి.మీ. అంటే అదే లోతు అనిపించడానికి కత్తి అంత అదనంగా దిగాలి. చిన్న బంతి మీద ఆ అదనపు బలమే చేయి జారడానికి కారణమవుతుంది. చిన్న వస్తువుకు చిన్న గాట్లు అన్నది చూపు కోసమే కాదు, వేళ్ల కోసం కూడా.

వేళ్ల మాట వచ్చింది కాబట్టి, బంతి దొర్లుతుంది, దొర్లే వస్తువును కోసే కత్తి అరచేతిలోకే వస్తుంది. దీనికి మందు మన ఇళ్లలోనే ఉంది. గుండ్రటి అడుగున్న కుండను నిలబెట్టడానికి వాడే చుట్టకుదురు లాంటిదే పాతగుడ్డతో చిన్నది చుట్టి, అందులో బంతిని కూర్చోబెడితే దొర్లదు. కోత కోతకూ కావలసినట్టు తిప్పుకోవచ్చు. కత్తి పట్టిన చేయి ఎప్పుడూ ఒకే వంపులో ఉండాలి, తిరగాల్సింది బంతి. దీనికన్నా మంచి ఉపాయం, లేత్ మీద పట్టుకోవడానికి వదిలిన కాడను చివరిదాకా కోయకుండా ఉంచడం. పువ్వుకు కాడ ఉన్నట్టు బంతికి పట్టు దొరుకుతుంది.

ఇంత కష్టం దేనికంటే, వెలుగు కోసం. గాటుకున్న వాలు గోడల్లో ఒకటి వెలుగు పట్టుకుంటుంది, ఎదుటిది నీడ పట్టుకుంటుంది. పలక మీద అన్ని గాట్ల మీదా వెలుగు ఒకే తీరుగా పడుతుంది. బంతి మీద అలా కాదు. దీపానికి ఎదురుగా ఉన్న గాట్లు దాదాపు మాయమవుతాయి, పక్కకు తిరిగే చోట, వెలుగు ఏటవాలుగా తగిలే చోట, నల్లగా లోతుగా లేస్తాయి. చేతిలో తిప్పితే నగిషీ నడుస్తున్నట్టుంటుంది. దేవుడి గూట్లో పెట్టే కుంకుమ బరిణె మూతనే తీసుకుంటే, పక్కనే కింద నుంచి దీపం వెలుగుతుంటుంది. మూత నెత్తి మీద చెక్కిన పువ్వు ఆ వెలుగులో అంతగా కనబడదు. మూత అంచు వెంబడి వేసిన ఒక్క వరస త్రికోణాలు మాత్రం దీపం కదిలినప్పుడల్లా మెరుస్తాయి. ఓపిక ఒక్క వరసకే ఉంటే, ఆ వరస అంచుకే పెట్టడం తెలివి. ఊళ్లలో ఇప్పుడు నేమ్ బోర్డులకు వచ్చిన లేజర్ మిషన్లు గుండ్రటి వస్తువు మీద కూడా గీతలు కాల్చి ఇస్తాయి. గీత వస్తుంది, నలుపు వస్తుంది. వాలు గోడ రాదు, అందుకే వెలుగుతో ఆట ఉండదు.

బొంగరం ఇందుకు ముచ్చటైన వస్తువు. తాడు చుట్టే కింది భాగాన్ని వదిలేసి పై భుజం మీద ఒక వరస గాట్లు వేస్తే, తిరిగేటప్పుడు త్రికోణాలన్నీ కలిసిపోయి ఒక వైపు ముదురు, ఇంకో వైపు లేత ఉన్న పట్టీలా కనబడతాయి. ఆగబోయేటప్పుడు మళ్లీ ఒక్కొక్కటిగా విడిపోతాయి. గాట్లు వేస్తే బరువు తప్పి ఊగుతుందని భయపడాల్సిన పనిలేదు. 5 మి.మీ. భుజాలు, 3 మి.మీ. లోతు ఉన్న ఒక పేడు బరువు గ్రాములో వందో వంతు కూడా ఉండదు. బొంగరం ఊగితే కారణం చాలాసార్లు వంకరగా దిగిన ములుకే. అప్పడాల కర్ర మీద మాత్రం చెక్కకపోవడం మంచిది, పిండి గాట్లలో ఇరుక్కుని పులుస్తుంది. అచ్చు పడాలనే కావాలని గాడులు పెట్టిన గవ్వల చెక్క సంగతి వేరు.

సాండ్ పేపర్ పనంతా చెక్కకముందే అయిపోవాలి. తర్వాత రుద్దితే గట్ల పదును పోతుంది, ముందు రుద్ది దులపకుండా చెక్కితే చెక్కలో ఇరుక్కున్న గరుకు రవ్వలు కత్తిని తినేస్తాయి. రంగు కావాలనుకుంటే అదీ ముందే పూసి, ఆరాక చెక్కాలి. ప్రతి గాటులో తెల్ల చెక్క బయటపడి నగిషీ దూరానికి కూడా కనిపిస్తుంది. లేత్ మీద లక్క రంగు పట్టించిన బంతి మీదా ఇది చేయొచ్చు. లక్క పెళుసు కాబట్టి కత్తి కొత్తగా నూరి ఉండాలి.

అన్నీ అయ్యాక కాడను సన్నటి రంపంతో కోసేస్తారు. అక్కడ పెన్సిల్ లావున ఒక మచ్చ మిగులుతుంది. అది అడ్డంగా కోసిన ముఖం, బంతి మొత్తంలో కత్తికి అన్నిటికన్నా మొండి చోటు. పువ్వు రేకుల మొనలన్నీ కలవాల్సిందీ అక్కడే. ఆరు మొనలనూ ఒక్క బిందువులో కలపబోయి అంతవరకూ చేసిన పువ్వును పాడుచేసుకోవడం కన్నా, మొనలను రెండు మిల్లీమీటర్ల ఇవతలే ఆపి, మధ్యలో ఒక ఎర్ర లక్క బొట్టు పెట్టడమో ఇత్తడి మేకు దిగ్గొట్టడమో నయం. బొంగరానికి ఆ చింత కూడా లేదు, అక్కడ ములుకు ఉంటుంది.